బీరమ్మ వాకిట్లో జాతర

కల్వకుర్తికి నాలుగు కోసుల దూరంలో ఉన్న ఆ ఊళ్ళో కురుమ బీరమ్మ నోటికి భయపడని మనిషి లేడు. ఎక్కడో చెలకల అవతల దారి తప్పిన గొర్రెను వాకిట్లో నిలబడే కేకేసి వెనక్కి తిప్పేది. ఉన్ని వడుకుతూ కూర్చుంటే చేతులు ఒక పని, నోరు ఇంకో పని. దారిన పోయేవాణ్ణి పిలిచి మరీ తిట్టేది, ఆ తిట్టిన నోటితోనే కూర్చోబెట్టి అంబలి తాగించేది.

అంత నోరూ ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం ఆగిపోయేది. "నీకెన్నేండ్లే బీరమ్మా?" అని ఎవరైనా అడిగితే కాసేపు ఉన్ని వైపు చూసి, "ఎవడు లెక్కపెట్టిండని చెప్పాలె?" అనేది. తర్వాత అడిగినవాడి మీద ఇంతెత్తున లేచేది.

ఆ మాట వెనుక ఒక కథ ఉంది. ఆ ఊరి కురుమలు వయసును గుట్ట మల్లన్న జాతరతో లెక్కపెట్టుకునేవాళ్ళు. ఇళ్ళలో కేలండర్లు లేవు, ఉన్నా చదివేవాళ్ళు లేరు. జాతర నాడు తేరు కదలగానే తండ్రి తన పిల్లల్ని వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరి నుదుట బండారు పెట్టి, అంటే పసుపు పొడి పెట్టి, వాళ్ళకెన్నేళ్ళు నిండాయో పైకి చెబుతాడు. తండ్రి నోట ఆ అంకె వచ్చిందంటే ఏడాది నిండినట్టు. బీరమ్మ తండ్రికి ఆరుగురు ఆడపిల్లలు. అందరిలా జాతర దాకా ఆగక ఆయన ఎప్పుడూ ముందే గొర్రెల మందతో అమ్రాబాదు అడవులకు పోయేవాడు. నడిచేందుకు కాళ్ళు వచ్చిన ప్రతి బిడ్డనూ వెంట తీసుకుపోయేవాడు. బండారు పెట్టే తీరికా లేదు, లెక్కపెట్టే ఓపికా లేదు. బీరమ్మ అట్లా ఏ అంకే లేకుండానే పెరిగింది, పెండ్లాడింది, ఇద్దరు కొడుకుల్ని కన్నది, మొగుడు కురుమయ్యను మట్టి చేసింది. ముప్పై ఏళ్ళు మంద వెంట నడిచి నడిచి కుడి మోకాలు పాడయ్యాక, "ఇంక సచ్చినా ఆ అడవి మొకం చూడ" అని ఒట్టు పెట్టుకుని ఇంటి పట్టున కూర్చుంది.

మనవరాలు గోపమ్మ సంగతి అట్లా కాదు. ఆ పిల్ల పుట్టిందే జాతరలో. పెద్ద కొడుకు ఐలేశం పెండ్లాం సత్తమ్మ, నిండు చూలాలు, జాతర చూడాల్సిందేనని పట్టుబట్టి బండెక్కింది. తేరు కదిలే వేళకే గాజుల దుకాణం వెనకాల నొప్పులు మొదలయ్యాయి. బీరమ్మ అమ్మకానికి తెచ్చిన నాలుగు గొంగళ్ళూ నాలుగు గోడలయ్యాయి. అవతల డోళ్ళు, ఇవతల పసిపిల్ల ఏడుపు. "నా మనుమరాలు పుట్టిందని దేవునికి తెలిసి తేరు ఊగిందిరో" అని బీరమ్మ జాతరంతా వినబడేట్టు అరిచింది. అప్పటినుంచి గోపమ్మకు జాతరే పుట్టినరోజు. ఏటా తేరు కదలగానే ఐలేశం బిడ్డను భుజాన ఎక్కించుకుని బండారు పెట్టి అంకె చెప్పేవాడు. కిందటేడు చెప్పింది "అయిదు".

ఆ కిందటేడే ఇంకో సంగతి జరిగింది. ఊరికి కొత్తగా బడి వచ్చింది. బాలస్వామి అని జడ్చర్ల వైపు నుంచి ఒక కుర్ర పంతులు వచ్చాడు. ఆరేళ్ళు నిండిన పిల్లల్నే బడిలో చేర్చుకుంటానన్నాడు.

బీరమ్మకు బడి మీద ఎక్కడలేని పట్టుదల పుట్టింది. అందుకు కారణం ఆమె చిన్న కొడుకు మైసయ్య. వాడు గొర్రెలు వదిలేసి నందికొండ కాడ డ్యాం పనికి పోయి, అక్కడినుంచి ఒక ఉత్తరం ముక్క రాయించి పంపాడు. దాన్ని కొంగున కట్టుకుని బీరమ్మ కల్వకుర్తి సంతకు పోయి చదివేవాడి కోసం పొద్దంతా తిరిగింది. చివరికి ఒక బట్టల దుకాణం సేటు చదివాడు. నెమ్మదిగా చదివాడా అంటే అదీ లేదు. "నేను ఇక్కడ పెండ్లి చేసుకున్న, అమ్మకు చెప్పండి" అన్న మాటను సంతంతా తిరిగి చూసేట్టు చదివాడు. "నా కొడుకు పెండ్లి నాకన్న ముందు మిరపకాయలమ్మేటామెకు ఎరుకైంది" అని బీరమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ఆ మర్నాటి నుంచి ఒకటే పాట: మన ఇంట్లో చదివే మనిషి ఒకరుండాలె, అది గోపమ్మే కావాలె.

ఐలేశం తల్లి నోటికి జడిసో, బిడ్డ మీద ప్రేమతోనో, కిందటి జాతరలో బండారు చేత పట్టుకుని దేవుడి ముందు మాటిచ్చాడు. "వచ్చే జాతరకు ఆరు పెడుత. ఆరు పెట్టిన్నాడే బడికి తోలుత" అన్నాడు. ఐలేశం చెడ్డవాడు కాదు. మాట ఇస్తే నిలబడే మనిషి. ఆ ఒక్క ధీమాతోనే బీరమ్మ ఏడాదంతా నిశ్చింతగా ఉంది.

ఇంక చూడండి, జాతర వారం ఉందనగా ఊళ్ళో దండోరా పడింది. చుట్టుపక్కల గత్తర, అంటే కలరా, తగిలింది, ఈ ఏడు గుట్ట జాతర బంద్, బయటి ఊరోళ్ళు రావద్దు, మనవాళ్ళు పోవద్దు, నీళ్ళు కాచి తాగాలె.

జాతర లేదంటే ఊరంతా దిగాలు పడింది. చావడిలో ముసలాళ్ళు మాత్రం దీన్నే పెద్ద ధర్మసందేహం చేసుకుని కూర్చున్నారు. జాతర లేని ఏడు వయసు లెక్కలోకి వస్తుందా రాదా? రాదని తేలింది. తేలగానే మల్లప్ప అనే ముసలాయన, "అయితే నాకు ఇంకో ఏడు కలిసొచ్చినట్టే" అని మీసం దువ్వుకున్నాడు. బాలస్వామి సారు అక్కడే ఉండి, "ఏడు దానంతటదే నిండుతది తాతా, జాతరతోటి దానికేం పని?" అంటే అందరూ ఆయన్ను జాలిగా చూశారు. పట్నం చదువులు చదివినవాడు, పాపం, ఏం తెలుసు అన్నట్టు.

ఆ తీర్పు గోపమ్మ చెవిన పడింది. ఇంటికి పరుగెత్తుకొచ్చి అవ్వ ఒళ్ళో తల పెట్టి గుక్కపట్టింది. "అవ్వా, నేను ఇంక అయిదులనే ఉంటనంట. ఆరు రాదంట. సారు రానియ్యడంట."

"ఎవడన్నడే? వాని నోట్ల మన్ను వడ" అని బీరమ్మ లేచింది. లేచిందే గానీ గుమ్మం దగ్గరే ఆగింది. ఎందుకంటే పిల్ల ఏడుపుకన్నా పెద్ద చిక్కు ఆమెకు అప్పుడే కనబడింది. మందలు అడవికి కదిలేది జాతర మర్నాడు. పోతే మళ్ళీ తొలకరి దాటాక గానీ రావు. అప్పటికి బడి తెరిచి, పేర్ల పట్టీ రాయడం అయిపోతుంది. ఒక్కసారి మంద వెనక పోయిన ఆడపిల్ల గతి ఏమవుతుందో బీరమ్మకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఆ సాయంత్రం ఐలేశం గొర్రెల్ని దొడ్లోకి తోలి కాళ్ళు కడుక్కుంటుంటే అడిగేసింది. "బిడ్డా, గోపిని బడికి తోలుతవు గద?"

ఐలేశం తలెత్తలేదు. "జాతర కాలె గదనే అమ్మా. ఆరు పెట్టిన్నాడు తోలుత అన్న. వచ్చే ఏడు చూద్దాం. ఈ ఏడు నా ఎంట వస్తది."

"మాట తప్పుతున్నవా?"

"తప్పుడెక్కడిది? నేనన్నదే చెప్తున్న."

బీరమ్మ మనసులో తిట్లు వరసకట్టాయి గానీ మింగేసింది. ఇది తిట్లతో అయ్యే పని కాదని ఆమెకు అర్థమైంది. మెల్లగా, "జాతర అంటే ఏందిరా?" అంది.

"గదేం మాట? నీకెరుక లేదా?"

"నాకు ఎరుక లేకనే అడుగుతున్న. చెప్పు జర."

ఐలేశం నవ్వాడు. "జాతర అంటే... తేరు కదలాలె. రంగులరాట్నం తిరగాలె. నలుగురు జమై బండారు ఎగజల్లాలె. గంతే."

"గా మూడు అయితే జాతర అయినట్టేనా?"

"అయినట్టే."

"సత్తమ్మా, ఇన్నవా?" అని బీరమ్మ లోపలున్న కోడలికి కేకేసింది. రెండో కాన్పు చంటిపిల్లకు పాలిస్తున్న సత్తమ్మ, "ఇన్న అత్తా" అంది. ఐలేశానికి అప్పుడు గానీ తను ఎందులో కాలు పెట్టాడో తోచలేదు.

మర్నాటి నుంచి బీరమ్మ మోకాలి నొప్పి ఎటు పోయిందో దేవుడికెరుక. ఊరి వడ్రంగి వడ్ల ఎల్లస్వామి దగ్గరికి పోయి బండి గిర్ర, అంటే చక్రం, ఒకటి, విరిగిన ఇరుసు ముక్క ఒకటి అడిగింది. ఎందుకన్నాడు. "నా మనుమరాలు పుట్టినరోజుకు" అంది. ఎల్లస్వామి నోరు తెరిచాడు. పుట్టినరోజుకు బండి గిర్ర పెట్టడం ఆయన ఏ కులంలోనూ వినలేదు. విషయం చెప్పాక ఆయనే గడ్డపార తీసుకుని వచ్చాడు. వాకిట్లో ఇరుసును నిలువుగా పాతి, దాని మీద గిర్రను అడ్డంగా కూర్చి, ఆముదం పోసి తిప్పాడు. గిర్ర మీద నాలుగు పక్కలా నాలుగు గోనెలు కట్టి పిల్లలు కూర్చునే జాగా చేశాడు. బీరమ్మ దాన్ని చేత్తో తోసి చూసి, "గుట్ట కాడి రాట్నం కీసుమంటది, మనది ఎంత నున్నగ తిరుగుతాంది!" అని మురిసిపోయింది.

తేరు చేయడానికి నులకమంచం సరిపోయింది. మంచాన్ని బోర్లా వేస్తే నాలుగు కోళ్ళూ పైకి నిలిచి నాలుగు స్తంభాలయ్యాయి. వాటి మీద నల్లగొంగడి పరిచి, సత్తమ్మ పెండ్లి చీర చుట్టూ కట్టి, గొర్రెల మెడల్లోని గంటలన్నీ విప్పి వేలాడదీశారు. దేవుని గూట్లో ఉన్న ఇత్తడి మల్లన్న లోపల కూర్చున్నాడు. గంటలు ఊడదీస్తే గొర్రెలు ఎటు పోతాయో ఏమోనని ఐలేశం గొణిగాడు. "ఒక్క పూట పెండ్లికి పోయినయనుకో" అని తల్లి నోరు మూయించింది.

జాతర నాడు పొద్దున్నే బాలస్వామి సారు వచ్చాడు. గత్తర రోజుల్లో గుంపు కూడవద్దని చెప్పడానికి వచ్చాడు గానీ, వాకిట్లో పెద్ద కాగులో నీళ్ళు మరుగుతుండటం చూసి ఆగిపోయాడు.

"సారూ, మా గల్లీ పిల్లలు పదకొండు మందే. బయటోళ్ళు ఒక్కరు లేరు. నీళ్ళు కాగినయి, పేలాలు ఇప్పుడే వేయించిన. ఇంకేమన్న ఉన్నదా?" అంది బీరమ్మ.

"ఏం లేదవ్వా" అన్నాడాయన. పోతాననుకుంటే పోలేదు. గిర్ర దగ్గర నిలబడి, "నేను తిప్పుతా" అన్నాడు.

ఇంక బీరమ్మ జాతర మొదలైంది. ముప్పై ఏళ్ళు జాతర్లలో గొంగళ్ళు అమ్మిన మనిషి, ఏ దుకాణం వాడు ఎట్లా అరుస్తాడో ఆమెకు తెలియంది లేదు. ఒక మూల నిలబడి పేలాలమ్మేవాడిలా ముక్కుతో పాడింది. ఇంకో మూలకు పోయి గాజులామెలా గారాలు పోయింది. చిత్రాల పెట్టెవాడి వంతు వచ్చేసరికి వాకిలంతా పడిపడి నవ్వింది. ఒక గ్యాసునూనె డబ్బాకు కన్నం పెట్టి, లోపల అగ్గిపెట్టెల బొమ్మలు దారానికి గుచ్చి, ఒక్కొక్క పిల్లను గొంగడి కప్పి చూడమంది. "సూడు బిడ్డా సూడు, గీయనె రాజు, గీమె రాణి, ఇద్దరికి మాటల్లేవు. ఎందుకు లేవు? రాజు గొర్రెలు తప్పిపోయినయి. గిది పులి. దానికే ఎరుక గొర్రెలెటువోయినయో." పిల్లలు గొంగట్లోంచి బయటికి రామని మొండికేశారు.

గోపమ్మ అన్నీ ఎక్కింది, అన్నీ చూసింది. మధ్య మధ్య వచ్చి మాత్రం ఒక్కటే అడిగేది. "అవ్వా, నాయిన వస్తడా?"

"రాకేం జేస్తడు? గొర్రెలకు ఇల్లెరుకే, ఆయనకెరుకే" అనేది బీరమ్మ. ఆమె కళ్ళు కూడా దారి మీదే ఉన్నాయి.

పొద్దు వాలుతుండగా దుమ్ము లేపుకుంటూ మంద వచ్చింది. ఐలేశం వాకిట్లో అడుగు పెట్టగానే బీరమ్మ తాడందుకుంది. పదకొండు మంది పిల్లలు, వడ్ల ఎల్లస్వామి, బాలస్వామి సారు తలో చెయ్యి వేశారు. గంటలు గలగలమంటూ నులకమంచం తేరు ఈ చివర నుంచి ఆ చివరికి కదిలింది. సత్తమ్మ చంటిదాన్ని చంకనేసుకుని గుప్పెడు బండారు గాల్లోకి చల్లింది. గిర్ర ఇంకా తిరుగుతూనే ఉంది.

"తేరు కదిలింది, రాట్నం తిరిగింది, బండారు లేచింది" అంది బీరమ్మ రొప్పుతూ. "ఇగ నీదే ఆలస్యం."

గోపమ్మ పరుగున వచ్చి తండ్రి ముందు నిలబడింది. నుదురు పైకెత్తి కళ్ళు గట్టిగా మూసుకుంది.

ఐలేశం బండారు పళ్ళెం అందుకున్నాడు. వేళ్ళు పసుపులో ముంచాడు. ముంచిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. పళ్ళెం పక్కన పెట్టి, గొర్రెల దొడ్డి గోడకు ఆనుకుని గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మా," అన్నాడు. గొంతులో కోపం లేదు. "రేపు పొద్దుగాల కదలాలె. డెబ్బై గొర్రెలు, మొన్న మొన్న ఈనిన పిల్లలు ముప్పై. తమ్ముడు లేకపాయె. సత్తమ్మ చంటిదాంతోటి రాకపాయె. నేనొక్కణ్ణి. ముందు నడవాల్నా, ఎనక తోలాల్నా? తోడేలు వడితే ఎటు దిక్కు ఉరకాలె? నా బిడ్డ చదువుకుంటే నాకు బాధనా? జాతర కాలేదన్నది సాకే. నాకు మనిషి లేడు. గది జెప్పనీకి సిగ్గయి గట్లన్న."

బీరమ్మ కొట్లాటకు సిద్ధపడి వచ్చింది. వారం రోజులుగా ఎన్ని మాటలు నూరి పెట్టుకుందో. ఒక్కటీ అక్కరకు రాలేదు. కొడుకు కళ్ళలో నీళ్ళు చూడటం ఆమెకు కురుమయ్య పోయిన తర్వాత ఇదే. గోపమ్మ ఇంకా కళ్ళు మూసుకునే నిలబడి ఉంది. ఏం జరుగుతోందో తెలియక, అంకె ఎప్పుడు వినబడుతుందా అని పెదవులు బిగబట్టింది.

ఆ చిన్న నుదుటిని చూస్తుంటే బీరమ్మకు అరవై ఏళ్ళ నాటి దారి కనబడింది. అయిదేళ్ళో ఆరేళ్ళో తెలియని ఒక పిల్ల, చంకలో గొర్రెపిల్ల, ముందర అడవి. ఒకసారి కుడి మోకాలును చేత్తో రాసుకుంది. కన్నీళ్ళు ఆగలేదు, ఆపుకోవాలనీ అనుకోలేదు.

"నేనొస్త" అంది.

"నువ్వా? ఆ కాలుతోటి?"

"కాలు నాదా నీదా? గొర్రె పిల్లలు ఎంత దూరం ఉరుకుతయిరా, నేను అందుకోనా? వాటి తాతలను కూడ మేపిన. లే. నా మనుమరాలు ఎంతసేపు నిలబడాలె?"

ఐలేశం లేచాడు. బిడ్డను భుజాన ఎక్కించుకున్నాడు. నుదుట బండారు పెట్టి, గుట్ట దాకా వినబడేట్టు, "ఆరు!" అన్నాడు.

గోపమ్మ కళ్ళు తెరిచింది. ముందు చుట్టూ చూసింది, తర్వాత తన చేతులు చూసుకుంది, ఏమైనా పెరిగాయా అన్నట్టు. బాలస్వామి సారు జేబులోంచి కాగితం తీసి ఆ రోజు తారీఖు రాసుకున్నాడు. తారీఖు తెలియని పిల్లలందరికీ ఆయన జూలై ఒకటి అని రాసేవాడు. ఆ బడి పట్టీలో నిజంగా పుట్టిన రోజున్న పిల్ల గోపమ్మ ఒక్కతే.

తెల్లారి మంద కదిలింది. గంటలు మళ్ళీ గొర్రెల మెడల్లోకి వచ్చాయి. బీరమ్మ మోకాలికి ఆముదం రాసి గుడ్డ చుట్టుకుంది. గొంగడి భుజాన వేసి, కర్ర పట్టుకుని, "పోయొస్త" అని నాలుగడుగులు వేసిందో లేదో గోపమ్మ ఎదురొచ్చింది. దాని గుప్పిట్లో నిన్న మిగిలిన బండారు ఉంది.

"అవ్వా, వంగు."

"ఎందుకే?"

"నీకు ఎవ్వరు పెట్టలేదు గద. నేను పెడుత."

బీరమ్మ వంగింది. గోపమ్మ అవ్వ నుదుట బండారు రాసి కాసేపు ఆలోచించింది. ఇదివరకటి లెక్క ఏదీ లేదు కదా, మరి ఎక్కడినుంచి మొదలుపెట్టాలి? అందరూ ఎక్కడ మొదలుపెడతారో అక్కడే మొదలుపెట్టింది.

"ఒకటి" అంది.

అమ్రాబాదు దాకా దారిలో ఎవరు పలకరించినా బీరమ్మ అదే చెప్పింది. నాకా, మొన్ననే ఒకటి నిండింది. విన్నవాళ్ళు నవ్వితే తనూ నవ్వేది. కాలు వాచి నాలుగు రోజులు చెట్టు కింద పడి ఉన్నప్పుడూ ఆ నవ్వు పోలేదని ఐలేశం తర్వాత చెప్పాడు. తొలకరి దాటాక కుంటుకుంటూనే తిరిగొచ్చింది. పొలిమేర దాటగానే ఇంటికి పోలేదు. బడి కిటికీ దగ్గర ఆగి, లోపల మనవరాలి గొంతు విని, తర్వాతే ఇంటికి పోయింది.

తర్వాతి ఏటి నుంచి గుట్ట జాతర ఎప్పట్లాగే జరిగింది. తేరు కదలగానే ఐలేశం గోపమ్మకు, గోపమ్మ అవ్వకు బండారు పెట్టేవాళ్ళు. మైసయ్య ఉత్తరాలను గోపమ్మ ఇంట్లోనే, నెమ్మది గొంతుతో చదివేది. అవ్వ అంకె పెరుగుతూ పోయింది: రెండు, మూడు, నాలుగు. గోపమ్మ పై చదువుకు జడ్చర్ల పోయాక కూడా జాతరకు బస్సెక్కి వచ్చి లెక్క తప్పనివ్వలేదు.

అట్లా బండారు పెట్టించుకున్న ఆఖరి జాతర అయిన మూడు నెలలకు బీరమ్మ పోయింది. చావు రాయించడానికి తండ్రీకూతుళ్ళు పోలీసు పటేలు ఇంటికి పోయారు. ఆయన పుస్తకం తెరిచి పేరు రాశాడు, మొగుడి పేరు రాశాడు, కలం ఎత్తి, "వయసెంత?" అన్నాడు.

ఐలేశం బిడ్డ వైపు చూశాడు.

"పన్నెండు" అంది గోపమ్మ.

పటేలు కళ్ళద్దాలు పైకెత్తి ఇద్దర్నీ చూశాడు. పిల్ల దుఃఖంలో ఏదో మాట్లాడుతోందనుకున్నాడు. ఐలేశం తువ్వాలతో కళ్ళు ఒత్తుకుని, "రాయుండ్రి పటేలా," అన్నాడు. "మా అమ్మకు లెక్కపెట్టిన మనిషి గీ పిల్ల ఒక్కతే."